కోడు చూచి సెన్సారు మార్చుట పరీక్ష యగునా?

మోటారు కారు నడుచుచు నడుచుచు దారిలో ఆగిపోయినచో, నేటి మరమ్మతు శాలలో మొదట జరుగు పని ఒక్కటే. స్టీరింగు క్రిందనున్న అరలో స్కానరును తగిలించెదరు. తెర మీద ఒక కోడు సంఖ్య కనిపించును. దాని ప్రక్కన ఏ సెన్సారు పేరు స్ఫురించునో దానిని విప్పి క్రొత్తది బిగించెదరు. దీనికి ‘కంప్యూటరు పరీక్ష’ అని పేరు. ఇందులో పరీక్ష అనదగినది ఎంత ఉన్నదో విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. (సెన్సారును ‘సంవేదకము’ అని కొన్ని పుస్తకములలో వ్రాయుచున్నారు. కామారెడ్డిలో ఏ మెకానిక్కు నోటను నేనా మాట వినలేదు. కనుక సెన్సారు అనియే వ్రాయుచున్నాను.)

నా వద్ద ఇంటర్మీడియట్ చదివిన ఒక యువకుడు కామారెడ్డి, ఎల్లారెడ్డిల మధ్య అద్దె కారు నడుపుచున్నాడు. కారు పెట్రోలుది, పదేండ్ల నాటిది. ఉదయము చక్కగా కదలును. ఎండ ముదిరిన తరువాత, లింగంపేట దగ్గరకు వచ్చునప్పటికి, ఏ సూచనయు లేకుండ ఇంజను చప్పున ఆగిపోవును. చెట్టు నీడన అరగంట నిలిపినచో, ఏమియు ఎరుగనట్లు మరల నడుచును. మరమ్మతు శాల వారు స్కానరు పెట్టి చూచి ఆక్సిజను సెన్సారు మార్చినారు. ఆగుట మానలేదు. తరువాత థ్రాటిలు సెన్సారు మార్చినారు. అప్పుడు నా వద్దకు వచ్చినాడు.

“సార్, రెండు సెన్సార్లు మార్పించిన. అయినా గట్లనే బందైతున్నది. ఇప్పుడు కంప్యూటరే మార్చాలె అంటున్నరు.”

అతనికి పోయినది డబ్బు మాత్రమే కాదు. ఇంజను ఆగిన క్షణమున చాల కార్లలో స్టీరింగు బరువెక్కును. బ్రేకునకు సాయపడు శూన్యపీడనము ఒకటి రెండు సార్లు త్రొక్కగానే అయిపోవును. కామారెడ్డి మీదుగా పోవు 44వ జాతీయ రహదారి మీద, వెనుక లారీ వచ్చుచుండగా, ఇది ఎట్టి స్థితియో చెప్పనక్కరలేదు.

ముందుగా ఆ కోడు సంగతి చూతము. తెర మీద కనిపించినది పి-0171. దాని అర్థము ‘మిశ్రమము పలుచగా ఉన్నది’ అని మాత్రమే. పెట్రోలు పూర్తిగా మండుటకు ఒక వంతు పెట్రోలునకు తూకములో సుమారు 14.7 వంతుల గాలి కావలెను. గాలి అంతకంటె ఎక్కువైనదని ఆక్సిజను సెన్సారు తెలుపుచుండగా, కంప్యూటరు పెట్రోలును పెంచుచు పోవును. పెంచి పెంచి తన హద్దు చేరినప్పుడు ఈ కోడును వ్రాసికొనును. అనగా సెన్సారు చెడినదని కోడు చెప్పుట లేదు. సెన్సారు చెప్పిన వార్తను మనకు అందించుచున్నది. వార్త తెచ్చినవానిని పట్టి దండించినట్లు ఉన్నది ఆ మరమ్మతు! గాలిని కొలుచు సెన్సారునకు తరువాత రబ్బరు గొట్టములో చీలిక ఉన్నను, పెట్రోలు పంపు బలహీనమైనను ఇదే కోడు వచ్చును. ఈ కారులో నిజముగనే గొట్టము చీలియున్నది. దాని వెల ఆక్సిజను సెన్సారు వెలలో ఎన్నో వంతు!

ఐతే గొట్టము మార్చిన తరువాత కూడ కారు ఆగుచునే ఉన్నది. కోడు నిజమే చెప్పినది గాని, మనమడిగిన ప్రశ్నకు అది సమాధానము కాదు. ఇందుకు చారిత్రకమైన కారణము కలదు. ఈ కోడుల ఏర్పాటు పుట్టినది పొగ కొరకు. అమెరికాలో 1996 నాటి కార్ల నుండి, మన దేశములో భారత్ స్టేజి నిబంధనల వలన, కార్లకు ఈ స్వయం తనిఖీ తప్పనిసరియైనది. కాలుష్యము పెంచు లోపములను కనిపెట్టుటయే దాని ముఖ్యోద్దేశము. కారు ఏల ఆగెను అను ప్రశ్నకు అది కొన్నిసార్లు ఉపకరించును, కొన్నిసార్లు ఉపకరింపదు.

ఇంజను తిరుగుచున్నదని కంప్యూటరునకు తెలుపునది క్రాంకు సెన్సారు. క్రాంకు షాఫ్టు మీద పండ్ల చక్రము ఒకటి ఉండును. అనేక ఇంజనులలో దానికి అరువది పండ్ల చోటు ఉండి, గుర్తు కొరకు రెండు పండ్లు తీసివేయబడి 58 మిగులును. పక్కన అయస్కాంతము, దాని చుట్టు సన్నని రాగితీగ చుట్ట. పన్ను ఎదుటికి వచ్చి పోయినప్పుడెల్ల అయస్కాంత అభివాహము మారి చుట్టలో ఓల్టేజి పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణయే ఇది. మనము తరగతిలో చుట్టను, దండాయస్కాంతమును, గాల్వనోమీటరును పెట్టి చూపునదే. నిమిషమునకు 800 చుట్లు తిరుగు ఇంజనులో సెకనునకు సుమారు 770 స్పందనలు వచ్చును. అవి ఆగినచో, ఇంజను ఆగినదనియే కంప్యూటరు తలచి, నిప్పురవ్వను, పెట్రోలును రెంటిని ఆపివేయును. చాల కార్లలో దీనిని లోపముగా వ్రాసికొనదు కూడ. యజమాని తాళము త్రిప్పి ఆపినను దానికి ఇట్లే కనిపించును గదా!

ఇక్కడ నా తప్పును కూడ చెప్పవలెను. కారును మా యింటి ముందర నిలిపించి, చల్లారిన ఇంజను నుండి క్రాంకు సెన్సారు తీగలకు మల్టీమీటరు తగిలించినాను. 820 ఓములు చూపినది. చుట్ట తెగలేదు, సెన్సారు మంచిదే అని తీర్పు చెప్పినాను. కారు మరునాడే లింగంపేట దగ్గర ఆగినది. వేడిలో వచ్చు రోగమును చల్లని వేళ వెదకి, లేదని చెప్పుట కోడు చూచి మార్చుట కంటె ఏమంత గొప్ప పని? చేతిలో మీటరు ఉన్నందున నాకది శాస్త్రీయముగా తోచినది, అంతే.

రెండవసారి కారు ఆగిన చోటికి పోయి చూచితిమి. ఒక మిత్రుని స్కానరు వెంట తీసికొనిపోయితిమి. అందులో కోడుల పుట గాక, సెన్సారుల వార్తలను అప్పటికప్పుడు చూపు పుట మరియొకటి ఉండును. మరమ్మతు శాలలో దానిని తెరువనే లేదు. స్టార్టరు ఇంజనును త్రిప్పుచుండగా ఆ పుటలో వేగము సున్న అని కనిపించినది. చెవికి వినబడుచున్న భ్రమణము కంప్యూటరునకు అందుట లేదు! దీనితో సందేహము క్రాంకు సెన్సారు మీదికి, దాని తీగల మీదికి పోయినది. ఇంకను తీర్పు కాదు. కనెక్టరులో తుప్పు ఉన్నను ఇట్లే జరుగును.

ఇంటికి తెచ్చి సెన్సారును విప్పి, మీటరు తగిలించియే ఉంచి, తల ఆరబెట్టుకొను వేడిగాలి యంత్రముతో నెమ్మదిగా కాచినాము. విద్యార్థులు ఈ భాగమును శ్రద్ధగా గమనింపవలెను. రాగి నిరోధము డిగ్రీకి సుమారు 0.4 శాతము పెరుగును. 30 డిగ్రీల వద్ద 820 ఓములున్న చుట్ట 90 డిగ్రీల వద్ద సుమారు 1000 ఓములు చూపుట సహజము. దానిని చూచి చెడినదనరాదు. మా మీటరు 900 దాటి, ఇంకను పైకి పోవుచు, ఉన్నట్లుండి అనంతమునకు ఎగిరినది. చల్లారగానే తిరిగి వచ్చినది. తీగలో ఎక్కడో కంటికి కనబడని తెగుదల ఉన్నది. చుట్టూ ఉన్న ప్లాస్టికు, రాగి వేడికి సమానముగా వ్యాకోచింపవు కనుక ఆ తెగుదల వేడిలో విచ్చుకొని, చలువలో కలిసికొనుచున్నది. చెట్టు నీడన అరగంట నిలుపుట వలన జరుగుచున్న వైద్యము ఇదే.

ఒక హెచ్చరిక: ఈ ఓముల పరీక్ష రెండు తీగల చుట్ట సెన్సారునకే. మూడు తీగలు గలవి ఎక్కువగా హాల్ ఫలితముతో పనిచేయును. వాటిలో ఇట్టి చుట్ట ఉండదు. వాటికి విద్యుత్తునిచ్చి, వెలువడు సంకేతమునే చూడవలెను.

మెకానిక్కులను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. గంటసేపు వెదకినందుకు కూలి ఇచ్చు యజమాని అరుదు. క్రొత్త సామాను బిగించినచో మాత్రము ఇచ్చును. మన పాఠశాలలు మాత్రము చేసినదేమి? ప్రేరణను, నిరోధమును సూత్రములుగా వల్లె వేయించుచున్నాము. పాత సామాను అంగడిలో ఇంజను నీటి ఉష్ణోగ్రత సెన్సారు చవుకగా దొరకును. దానిని నీటిలో ముంచి, థర్మామీటరు ప్రక్కన పెట్టి కాచినచో, రాగికి విరుద్ధముగా నిరోధము తగ్గుచు పోవును: సామాన్యమైన ఒక రకములో 20 డిగ్రీల వద్ద సుమారు 2500 ఓములు, 80 వద్ద 300 పైచిలుకు. పదవ తరగతి బాలురు, బాలికలు ఒక పీరియడులో ఈ గ్రాఫును గీయగలరు.

క్రాంకు సెన్సారు మార్చిన తరువాత ఆ వేసవి అంతయు కారు ఆగలేదు. మొదట విప్పివేసిన పాత ఆక్సిజను సెన్సారును అతడు డిక్కీలో దాచియుంచినాడు. కుతూహలము కొలది దానిని మరల బిగించి చూచితిమి. ఇంజను వేడెక్కగానే అది 0.1 ఓల్టు నుండి 0.9 ఓల్టు వరకు చక్కగా ఊగుచున్నది.