మాయాబజార్‌లో బలరాముడు

కె.వి. రెడ్డి గారి మాయాబజార్ (1957) చిత్రాన్ని, సంఘం బడిలో గుణింతాలు దిద్దుకునే వయసులో, మేము ఘటోత్కచుడి భోజనం కోసమే చూసేవాళ్ళం. లడ్లు ఎగిరి నోట్లో పడే ఆ రంగారావు గారు ఇప్పటికీ నవ్విస్తారు.

కానీ ఇక్కడ కాలిఫోర్నియాలో ఇప్పుడు చూస్తే, కళ్ళు గుమ్మడి గారి బలరాముడి మీదే నిలుస్తున్నాయి. పాండవులను మోసగించిన కౌరవులను నిలదీయడానికని హస్తినకు వెళ్ళినవాడు, వాళ్ళ పొగడ్తలకు లొంగి, అభిమన్యుడికి అనుకున్న శశిరేఖను దుర్యోధనుడి కొడుక్కి ఇస్తానని వస్తాడు. చెడ్డవాడూ కాడు, అదే బాధ. నమ్ముకున్న పక్షం చేయి జారడం మన ఫిజీవాళ్ళకు కొత్త కాదు గదా! 1977 ఏప్రిల్‌లో నేషనల్ ఫెడరేషన్ పార్టీకి 26 స్థానాలు వచ్చాయి. ప్రభుత్వం మాత్రం ఏర్పడలేదు. సెప్టెంబరు ఎన్నికలకు పార్టీ పువ్వు గుర్తు, పావురం గుర్తుగా చీలి ఓడింది.

చిత్రంలో లోటు కృష్ణుడి దగ్గర ఉంది. సుభద్ర అన్నగారిని గట్టిగానే అడుగుతుంది. అంతలో కృష్ణుడి మాయ వచ్చి చిక్కు విప్పేస్తుంది, ఆమె ప్రశ్నకు జవాబు రాదు. ఆ కృష్ణుడి వేషం కట్టిన రామారావు గారు 1982లో పార్టీ పెట్టి, 1983లో ముఖ్యమంత్రి అయ్యారు. 1995లో సొంత శాసనసభ్యుల్లో ఎక్కువమంది ఆయనను వదిలి వెళ్ళారు. అక్కడ ఏ మాయా పనిచేయలేదు.

పిల్లలకు ఈ చిత్రం చూపించేటప్పుడు హస్తిన ఘట్టం దాటవేయకండి.