కుచ్చు దగ్గర డేగ

కోతలయ్యాక ఊరి నుంచి తెచ్చుకున్న వరికంకుల కుచ్చును ఏటా పెరటి వసారా చూరుకు కడతాను. అమ్మ కట్టేది, ఇప్పుడు నా వంతు. కట్టిన మర్నాటికే పిచ్చుకలు, ఆ వెనకే జీనువాయిలు దిగుతాయి. ఉడుతకు పిలుపు అక్కర్లేదు.

ఒక పొద్దున ఆ గోలంతా తాడు తెగినట్టు ఆగిపోయింది. తలెత్తేలోగా బూడిదరంగుది ఏదో జామచెట్టు కింద నుంచి మోకాలెత్తున దూసుకొచ్చి, కుచ్చును రాసుకుంటూ పోయింది. నాలుగు గింజలు రాలాయి. దానికి ఏమీ దొరకలేదు. షిక్రా అది, పాతవాళ్ల మాటలో జాలెడేగ. పావురమంత ఉంటుందంతే. (గోదావరి వైపు డేగంటే ముందు పందెంకోడే గుర్తొస్తుంది. పందెంరాయుళ్లు మన్నించాలి.)

అప్పటి నుంచి కాఫీ గ్లాసుతో వసారాలో కూర్చోవడం అలవాటైంది. మొదట్లో డేగ కోసం ఆకాశంలో వెతికేవాణ్ణి. అది గద్ద వేట. డేగ ఆకుల చాటున కొమ్మ మీద బొమ్మలా కూర్చుంటుంది. పొట్టి రెక్కలు, పొడుగు తోక కాబట్టి కొమ్మల సందుల్లోనే మలుపు తిరగగలదు. దాన్ని కళ్లతో వెతికి లాభం లేదు, ఉడుతను వినాలి. ఉడుత తోక కొట్టుకుంటూ ఆపకుండా అరుస్తోందంటే డేగో పిల్లో దగ్గర్లోనే ఉంది. పసులపోలిగాడు పదేపదే ఏ కొమ్మ మీదికి దూకుతుంటే ఆ కొమ్మను చూడండి, ఎర్రటి కన్ను కనిపిస్తే మగడేగ. ఆడది ఇంకాస్త పెద్దది, కన్ను పసుపు.

పిట్టలూ మోసపోతాయి. కోకిల జాతిలో ఒకటి అచ్చం షిక్రా వేషమే. అదే బూడిదరంగు, అవే అడ్డచారలు, ఎగిరే తీరూ అదే. దాన్ని చూసి పిచ్చుకలు పరుగో పరుగు. నేనూ ఒక వేసవంతా దాన్ని డేగనుకునే రాసుకున్నాను.

చివరికి ఒకరోజు డేగకు పిచ్చుక దొరికింది. గోడ మీద కాళ్లతో నొక్కిపట్టి ఈకలు పీకుతుంటే పక్కింటి పిన్నిగారు చూశారు. "ఆ కుచ్చు తీసేయ్ బాబూ, పిలిచి చంపించినట్టుంది, పాపం తగుల్తుంది" అన్నారు. నాకూ గుచ్చుకుంది. కానీ ఆ ఏడు డేగ పట్టగా నేను చూసిన పిచ్చుక అదొక్కటే. బెదిరి ఎగిరి మా కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చినవి రెండు. అద్దంలో చెట్టు నీడ కనిపిస్తే పిట్టకు అదీ చెట్టే. ఆ పాపం డేగది కాదు, నాది.

కిటికీకి బయటివైపు దోమతెర బిగించాను. కుచ్చును కాగితంపూల పొద దగ్గరికి మార్చాను. పిట్ట ఒక్క ఉదుటున ముళ్లలో దూరగలగాలి. మరీ ఆనించి కడితే పిల్లి నక్కుతుంది, రెండు గజాలు చాలు. డేగను మాత్రం అదిలించను. రాళ్లు విసిరేవాళ్లూ, పట్టి పెంచుదామనుకునేవాళ్లూ ఉన్నారు కనుక చెబుతున్నాను: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం డేగను పట్టినా, చంపినా నేరం.

కిందటి ఆదివారం అది మళ్లీ వచ్చింది. కుచ్చు వైపు చూడనైనా చూడలేదు, గోడ మీది తొండను తన్నుకుపోయింది. పిన్నిగారు అక్కడే ఉన్నారు. ఏమీ అనలేదు.