డిస్కు లోపలిదా, బయటిదా?

మా కుందారపల్లి వైపు తెలుగిళ్ల నుంచి హోసూరు సిప్కాట్‌కూ, అది దాటి బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సిటీకీ పనికి పోయే పిల్లల్లో సర్వర్లు చూసేవాళ్లూ ఉన్నారు. పాత యూనిక్స్ యంత్రం చేతికొచ్చిన రోజే వాళ్లకొక ప్రశ్న ఎదురవుతుంది: తెరమీద వరసగా కనబడే డిస్కుల్లో సర్వర్ పెట్టెలోనే ఉన్నవేవి, కేబుల్ చివర వేరే పెట్టెలో ఉన్నవేవి? దీనికి జవాబు మాన్యువళ్లలో ముక్కలుముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కల్ని కలిపి చదవడం మాత్రం సీనియర్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన విద్య.

పొరబడితే నష్టం చిన్నది కాదు. కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే వాల్యూమ్‌గా వాడే రైడ్ 5లో ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది. పోయినదాన్ని తీయబోయి పక్కనున్న మంచిదాన్ని లాగితే వాల్యూమ్ మొత్తం పడిపోతుంది.

హెచ్‌పీ-యూఎక్స్‌లో పాత పేర్లు సి1టి2డి0 లాగా ఉంటాయి: కంట్రోలర్, టార్గెట్, డిస్కు నంబర్లు. సి0 ఉంటే లోపలిదేనని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆ నంబరు సిస్టమ్ తాను వేసుకున్న వరస, అంతే. చూడాల్సింది ఐఓస్కాన్ కమాండు చూపే హార్డ్‌వేర్ పాత్. వీధి, ఇల్లు, గది చెప్పే చిరునామా లాంటిదది. 0/0/1/1.2.0 లాగా పొట్టిగా ఉంటే మామూలు స్కజీ. చుక్కల తర్వాత అంకెలు బారుగా సాగితే ఫైబర్ ఛానల్ మీదుగా వచ్చినది. పొట్టిదైనంత మాత్రాన లోపలిదేనని నమ్మేయకూడదు, స్కజీ కార్డు వెనకనుంచి కేబుల్ లాగి బయటి పెట్టె తగిలించడం అప్పట్లో మామూలే. అందుకే ఆ పాత్ ఏ స్లాటుదో ఆ మోడల్ మాన్యువల్‌తో సరిచూడాలి. తర్వాత డిస్క్‌ఇన్ఫో కమాండు చూడాలి. అందులో ఈఎంసీ సిమెట్రిక్స్ అనో, హిటాచీ ఓపెన్-వి అనో వస్తే అది స్టోరేజ్ అర్రే విడదీసి ఇచ్చిన లన్ అనే డిస్కు ముక్క, సర్వర్‌లో చేత్తో పట్టుకుని తీయగల డిస్కు కాదు.

2007లో వచ్చిన హెచ్‌పీ-యూఎక్స్ 11ఐ వి3 పేర్లను డిస్క్14 లాగా మార్చేసింది. ఒకే లన్‌కు ఎన్ని దారులున్నా ఒకే పేరు, అది మేలే. కానీ పేరులోంచి దారి మాయమైంది, ఐఓస్కాన్‌నే మళ్లీ అడగాలి. ఈ సిస్టమ్‌కు స్టాండర్డ్ సపోర్ట్ 2025 డిసెంబరు 31తో ముగిసింది. కాబట్టి మిగిలిన యంత్రాలను చూసేవాళ్లకు ఈ విద్య ఇప్పుడే ఎక్కువ అవసరం.

సన్ యంత్రాల దగ్గర ఇంకో మెలిక. సన్ ఫైర్ 280ఆర్, వి880లలో లోపలి డిస్కులే ఫైబర్ ఛానల్‌వి. ఫైబర్ పాత్ కనబడగానే బయటిదని రాసేసుకుంటే అక్కడ దెబ్బతింటాం.

ఏఐఎక్స్‌లో పని తేలిక, ఎల్‌ఎస్‌సీఎఫ్‌జీ కమాండు ఇచ్చే లొకేషన్ కోడ్‌లోనే పెట్టె, స్లాటు ఉంటాయి. డెల్ పాత రైడ్ కార్డుల్లో పెర్క్ 5/ఐ లోపలి డిస్కులకు, 5/ఇ బయటివాటికి. హెచ్‌పీ స్మార్ట్ అర్రేలో 1ఐ:1:4 అని ఉంటే లోపలి పోర్టు, 1ఇ అయితే బయటిది.

ఇంత చూశాక కూడా పెద్దవాళ్లు వెంటనే చెయ్యి పెట్టరు. డీడీ కమాండుతో ఆ డిస్కును ఊరికే చదివిస్తే దాని దీపం ఆగకుండా మినుకుమంటుంది. ఆ కమాండులో డిస్కు మీద రాసే పని జరగకూడదు, డీడీలో చదివేదీ రాసేదీ తారుమారైతే డేటా పోతుంది. డిస్కు పూర్తిగా చచ్చిపోయి చదవనే చదవకపోతే, మిగతా మంచివాటన్నిటినీ ఒకేసారి చదివించి, దీపం వెలగని గడిని గుర్తుపట్టి, లాగాక సీరియల్ నంబరు సరిచూసుకుంటారు.