గవ్వ పందెం, చిప్ పందెం

అష్టాచెమ్మా ఎలా ఆడతారో కృష్ణా డెల్టాలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అరుగు మీద సుద్దముక్కతో గీసిన గళ్లు, నాలుగు గవ్వలు, అవి లేకపోతే ఒక వైపు రాతి మీద అరగదీసిన చింతపిక్కలు. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అంత పందెం; నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. అదే ఆటను బెజవాడ ఇంజనీరింగ్ విద్యార్థి ఆర్డ్యునో యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద కడితే గవ్వల పని అట్మెగా 328పి చిప్‌ది అవుతుంది. రెండూ నాకిష్టమే. న్యాయంగా పందెం వేసేది ఏదన్నదే ప్రశ్న.

గవ్వ సమంగా పడదు. వీపు ఉబ్బెత్తు, కడుపున చీలిక. సగం సార్లు ఇటూ సగం సార్లు అటూ పడాలన్న నియమం దానికి లేదు. పోనీ సగం సగమే అనుకున్నా, నాలుగు గవ్వలు పడే పదహారు తీరుల్లో రెండు ఆరుసార్లు, ఒకటీ మూడూ నాలుగేసి సార్లు, చెమ్మా అష్టా ఒక్కొక్కసారే వస్తాయి. అందుకే ఆ అరుదైన రెంటికీ పెద్ద విలువ, మళ్లీ వేసే హక్కూను. ఇంత హెచ్చుతగ్గులున్నా ఎవరూ అన్యాయమనరు. ఆ వంకర గవ్వలే అందరి చేతుల్లోకీ వెళ్తాయి, పడబోయేదేమిటో ఎవరికీ తెలియదు.

చిప్ సంగతి ఇందుకు ఎదురు. వాటాలు సమంగానే పంచుతుంది, కాని ముందే తెలిసిపోతుంది. ఆర్డ్యునోలో ర్యాండమ్ అని పిలిస్తే జరిగేది గుణకారమే: చేతిలో ఉన్న సంఖ్యను 16,807తో హెచ్చవేసి 214,74,83,647తో భాగిస్తే మిగిలే శేషం తర్వాతి సంఖ్య. బోర్డుకు కరెంటు తీసి మళ్లీ ఇచ్చారా, నిన్నటి పందేలే అదే వరసలో దిగుతాయి. ఆ వరస కాగితం మీద రాసుకున్న పిల్లాణ్ని ఎవరూ గెలవలేరు.

దీనికి అందరూ చెప్పే చిట్కా, ఏ తీగా తగిలించని అనలాగ్ పిన్నును చదివి ఆ అంకెతో లెక్క మొదలెట్టడం. ఆ అంకె 0 నుంచి 1023 లోపే. అంటే మొత్తం వరసలు 1,024కి మించవు. పైగా ఆ పిన్ను చాలాసార్లు ఒక చోటే తచ్చాడుతుంది. పందెం కాసే ఆటకు ఇది చాలదు. ఇంతకన్నా మంచి దారి చిప్‌లోనే ఉంది. బోర్డును నడిపే 16 మెగాహెర్ట్జ్ గడియారం ఒకటి, ప్రోగ్రాము స్తంభిస్తే చిప్‌ను మళ్లీ మొదలెట్టే వాచ్‌డాగ్ టైమర్‌కు విడిగా ఇంకొకటి. ఈ రెండోది టిక్కు టిక్కుకూ కాస్త తడబడుతుంది. మొదటిదాంతో దాన్ని కొలిస్తే చివరి బిట్టు ఏమిటో ముందుగా చెప్పలేం. అప్పుడు చిప్ కూడా గవ్వ తీరులోకి వస్తుంది: ఊహకు అందదు, సమంగానూ ఉండదు.

కాబట్టి మందూ ఒకటే. 1951లో గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ చెప్పినది: ఒకే గవ్వను రెండేసి సార్లు వేయాలి. వెల్లకిలా, తర్వాత బోర్లా పడితే ఒకటి. బోర్లా, తర్వాత వెల్లకిలా పడితే సున్నా. రెండూ ఒకేలా పడితే లెక్కలోంచి తీసేయాలి. గవ్వ ఎంత వంకరదైనా, ఒక విసురుకూ మరో విసురుకూ సంబంధం లేనంతవరకూ, ఆ రెండు జతలకూ అవకాశం సమానం. చిప్ బిట్లకూ అంతే. ఖరీదేమంటే, జతల్లో కనీసం సగం వృథా.

ఆ బిట్లను ఎనిమిదేసి కలిపి ఆరు ముఖాల పాచిక చేసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. 0 నుంచి 255 దాకా ఉన్న 256 సంఖ్యలను ఆరుతో భాగించి శేషం తీసుకుంటే నాలుగు ముఖాలకు 43, రెంటికి 42 వస్తాయి. 252, ఆపైవి పారేసి మళ్లీ తీసుకోవాలి. అరుగు మీద గవ్వ గోడకు ఆనుకుని నిలబడితే మళ్లీ వేయమనడమూ ఇలాంటిదే.

ఒక్క విషయంలో మాత్రం గవ్వే మెరుగు: అందరి కళ్ల ముందూ పడుతుంది. అమరావతికి భూములిచ్చిన రైతులకు ప్లాట్లు ఎలక్ట్రానిక్ లాటరీతో పంచిన కాలం ఇది. యంత్రం పందెం వేసేచోట దాని ప్రోగ్రామును అందరికీ చూపడం తప్పనిసరి కావాలి. నూజివీడు, నందిగామల్లో చదువుకున్న గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ను యాదృచ్ఛికతతోనే మొదలుపెట్టారు. అదే దారిలో, పిల్లలకు ఆర్డ్యునో నేర్పే మాస్టార్లూ, ముందు ఇంట్లో గవ్వల్ని వందసార్లు వేయించి లెక్క రాయించండి. తర్వాత బోర్డును ఆపి, మళ్లీ వేసి, చిప్ పందేలనూ పక్కనే రాయించండి.