మ్యాట్నీ ఊసే లేదేం?

ఈమధ్య ఏ పత్రిక తిరగేసినా ఎవరో ఒకరు హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళను తలుచుకుని కంటతడి పెడుతున్నారు. పాత ఓడియన్ నేలమట్టమైంది. సుదర్శన్ 70 ఎం.ఎం. పోయింది. దేవి, సంధ్య లాంటివి ఇంకా నిలబడి ఉన్నాయి. పోయినవాటికోసం బాధపడటంలో తప్పేముంది? నాకూ బాధే. కానీ ఆ వ్యాసాలు వరసగా చదువుతుంటే ఒక అనుమానం పట్టుకుంది. అన్నింట్లోనూ అవే ముచ్చట్లు. మొదటి రోజు మొదటి ఆట, చొక్కాలు చిరిగిన క్యూలు, ఈలలు, తెరమీదికి విసిరిన కాగితం ముక్కలు, ఆట వదిలాక బావర్చీ బిర్యానీ. బాగానే ఉంది. మరి ఆడవాళ్ళం మనమేమయ్యాం?

మనం మ్యాట్నీలో ఉన్నాం! వంటిల్లు సర్దేసి, పక్కింటి పిన్నిగారిని కేకేసి, మూడో వారంలోనో నాలుగో వారంలోనో వెళ్ళి ఆడవాళ్ళ క్యూలో నిలబడ్డాం. మొదటి వారం కుర్రకారుది. ఆ తర్వాత సినిమాని వంద రోజులదాకా మోసిందెవరనుకున్నారు?

కావాలంటే సినిమాల పేర్లే చూడండి. 1971లో వచ్చిన 'ప్రేమనగర్' కోడూరి కౌసల్యాదేవి నవల. 1973లో వచ్చిన 'జీవన తరంగాలు', 'మీనా', 1976లో వచ్చిన 'సెక్రటరీ' యద్దనపూడి సులోచనారాణి నవలలు. పైగా 'మీనా'కి దర్శకత్వం విజయనిర్మలది. రాసిందీ, తీసిందీ, ఎగబడి చూసిందీ ఆడవాళ్ళే! నవల చదువుతూ తాము ఊహించుకున్న రాజశేఖరం, తెరమీది నాగేశ్వరరావుతో సరిపోయాడో లేదో తేల్చుకోవడానికి మా అమ్మ తరం టిక్కెట్టు కొనుక్కుంది. ఒక్కోసారి రెండుసార్లు కూడానూ.

అలాగని ఆ హాళ్ళన్నీ స్వర్గాలని నేననను. సీట్లలో నల్లులు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి సంగతి ఎత్తకపోవడమే మర్యాద. చీకట్లో వెనకనుంచి సాగే చేతికి జవాబు చెప్పడానికి గాజులకి పిన్నీసు తగిలించుకుని మరీ వెళ్ళేవాళ్ళు. పాతరోజుల్ని పొగిడే వ్యాసాల్లో ఈ పిన్నీసు ఎక్కడా కనిపించదేం?

ఆడవాళ్ళు హాలుకి రావడం మానేశారు, టీవీ వల్ల, అంటారు. కొంత నిజమే. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక కథలే మన ఇంటికి నడిచొచ్చాయి. కానీ పోతున్న మనల్ని ఆపడానికి హాలువాళ్ళు చేసిందేమిటి? సీట్లు బాగుచేశారా? నీళ్ళ కుళాయి పెట్టించారా? సినిమాలవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, కథలన్నీ హీరోగారి తొడపాశానికీ కత్తికీ కట్టబెట్టేశారు. 2003లో ప్రసాద్స్ వచ్చి శుభ్రమైన సీటు చూపించాక డబ్బున్న కుటుంబాలు అటు వెళ్ళాయి. లేనివాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు.

ఇక మిగిలిందేమిటో 2024 చెప్పింది. ఆ ఏడాది మే 17 నుంచి పది రోజులు ఆటలు ఆపేయాలని తెలంగాణలోని ఒంటితెర హాళ్ళవాళ్ళు నిర్ణయించుకున్నారు, జనం రాక. అదే ఏడాది డిసెంబరు 4 రాత్రి, 'పుష్ప 2' ముందస్తు ఆటకి సంధ్య దగ్గర తొక్కిసలాట జరిగింది. పిల్లలతో సినిమా చూద్దామని వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. ఒకప్పుడు హాలుకి పిట్టకూడా రాదు, ఒకప్పుడు ఊపిరాడనంత జనం. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన మామూలు మధ్యాహ్నం లేకుండా పోయింది. హాలుకి ఏడాది పొడుగునా అన్నం పెట్టింది ఆ మధ్యాహ్నమే.

అందుకే ఈలల్ని తలుచుకుని నిట్టూర్చేవారంటే నాకు ఆశ్చర్యం. ఈలలెక్కడికి పోయాయండీ? పెద్ద హీరో సినిమా పడిన రోజున వెళ్ళి వినండి, చెవులు పగిలిపోతాయి. పోయింది మ్యాట్నీ. దాన్ని గురించి ఎవరూ వ్యాసం రాయరు, ఎందుకంటే అప్పుడు వాళ్ళు హాల్లో లేరు, ఆఫీసులో ఉన్నారు.

మిగిలిన హాళ్ళని కాపాడాలంటే కన్నీళ్ళు చాలవు. మన చేతికందే టిక్కెట్టు, గడియ సరిగ్గా పడే మరుగుదొడ్డి, మనసుకి పట్టే ఒక కథ, పిన్నీసు అవసరం లేని ఒక సీటు ఉంటే చాలు. మొదటి రోజు మొదటి ఆట వాళ్ళకే ఉంచెయ్యండి. మేం ఎప్పటిలాగే మూడో వారంలో వస్తాం.