హక్కు విడుదల పత్రాలూ, మనోవర్తీ

తలాఖ్ సందర్భంలో రాసుకునే రాజీ పత్రాలలో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: మహరూ, ఇద్దత్ ఖర్చులూ ముట్టినవి గనుక భర్తపై భార్యకు ఇక ఎట్టి హక్కూ లేదని. ఈ మాట మనోవర్తి దావాకు అడ్డు కాగలదా? 1978లో బాయి తాహిరా కేసులో సుప్రీంకోర్టు కాదన్నది. ఆ తీర్పు ఫలితం సరైనదే. కాని దారి పొడుగునా సరిగా లేదు.

ఆ రాజీ డిక్రీ 1962 నాటిది. భార్యకు 5,000 రూపాయల మహరు, 180 రూపాయల ఇద్దత్ సొమ్ము, బొంబాయిలో ఒక ఫ్లాటు దక్కాయి. భర్తపైన గాని, అతని ఆస్తిపైన గాని తనకు హక్కు లేదని ఆమె ఒప్పుకున్నది. అయితే విడాకులైన స్త్రీకి మనోవర్తి కోరే అవకాశమిచ్చిన 125వ సెక్షను 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోనిది. అప్పటికి పుట్టని హక్కును ఆమె ఎలా వదులుకోగలదు? జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో బలమైన భాగం ఇదే.

ఇది షరీఅత్‌కు పరాయి వాదమని తలచేవారు హనఫీ ఫిఖహ్‌ను మరొకసారి తిరగవేయాలి. ఇంకా బాకీ పడని నఫఖాను భార్య ముందుగా మాఫీ చేస్తే అది చెల్లదు. బాకీగా స్థిరపడినదానినే మాఫీ చేయవచ్చు. నఫఖా అడగనని నిఖాహ్ నాడే షరతు రాయించుకున్నా నిఖాహ్ నిలుస్తుంది, షరతు రాలిపోతుంది.

అయితే ఇద్దత్ ముగిశాక నఫఖాయే లేదన్నది హనఫీ అభిప్రాయం గదా అని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ బలమైనదే. కాని దివ్య ఖుర్‌ఆన్ 2:241లో విడాకులైన స్త్రీలకు న్యాయమైన మతాఅ ఆదేశించబడి ఉన్నది. దానిని కొందరు ఫుఖహా విధిగా, కొందరు అభిలషణీయంగా పరిగణించారు. 1986 చట్టంలోని ‘సముచితమైన ఏర్పాటు’ అన్న మాటకు 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్థం దీనికి చేరువగా ఉన్నది: చెల్లింపు ఇద్దత్ లోపలే జరగాలి, ఏర్పాటు మాత్రం ఆ తర్వాతి బ్రతుకుకు కూడా చాలాలి. ఆమె 125వ సెక్షను క్రింద కూడా కోరవచ్చునని 2024 జూలైలో తెలంగాణ నుండి వెళ్ళిన కేసులో అదే కోర్టు తేల్చింది. ఆ సెక్షను స్థానంలో ఇప్పుడున్నది నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షను. కనుక ఇక చూడవలసినది పత్రంలోని సంతకాన్ని కాదు, నిజంగా చేతికి అందిన మొత్తాన్ని.

బాయి తాహిరా తీర్పు తడబడినది మహరు దగ్గర. 5,000 రూపాయలపై వచ్చే వడ్డీ బ్రతకడానికి చాలుతుందా అని లెక్క కట్టి, మహరును మనోవర్తికి బదులుగా తూచింది. మహరు నిఖాహ్‌తోనే ఏర్పడే బాకీ. తలాఖ్‌కు వెల కాదు. (వడ్డీతో మహరును కొలవడం ముస్లిం పాఠకుడికి ఎట్లా తోస్తుందో వేరే చెప్పనక్కర లేదు.) మహరు తలాఖ్ కారణంగా చెల్లించే సొమ్ము కాదని 1985లో షాబానో తీర్పే ఒప్పుకున్నది.

అసలు చిక్కు ఖులాలో ఉన్నది. అక్కడ ఇద్దత్ నఫఖాను భార్య వదులుకుంటే హనఫీ మతంలో చెల్లుతుంది. కాని తప్పు భర్తదైనప్పుడు అతడు ప్రతిఫలం పుచ్చుకోవడం మక్రూహ్ అని ఆ ఫుఖహాయే అన్నారు. ఇచ్చినదానిని తిరిగి తీసుకోవద్దని 4:20 వారిస్తున్నది. కొట్టి, తిట్టి, విసిగించి, చివరకు ఖులా పేరిట రాయించుకున్న కాగితాన్ని స్వేచ్ఛగా కుదిరిన ఒప్పందమని ఏ ఖాజీ అయినా అనగలడా? పత్రంలో ఖులా అని ఉన్నంత మాత్రాన విచారణ ఆగకూడదు. విడిపోవాలన్న మాట మొదట ఎవరి నుండి వచ్చినది, ఏ కారణాన వచ్చినది అన్నది సాక్షులను అడిగి రాయించవలసి ఉన్నది.