పదకొండు నెలల కాగితం, చంద్రపూర్ ఇల్లు

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఇల్లు ఉండి తెలంగాణలో కాపురముంటున్న యజమానులలో ఒక అలవాటు ఇంకా పోలేదు. హైదరాబాద్‌లోనో మంచిర్యాలలోనో వంద రూపాయల స్టాంపు కాగితం కొంటారు. దాని మీద పదకొండు నెలల అద్దె ఒప్పందం టైపు చేయించి, సంతకం పెట్టి చంద్రపూర్‌కి పంపిస్తారు.

ఆ పదకొండు నెలల లెక్క 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నుంచి వచ్చింది. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని ఆ చట్టం చెబుతుంది. ఒక నెల తగ్గించుకుంటే ఆ ఖర్చూ తిప్పలూ తప్పుతాయి. మహారాష్ట్రలో ఈ ఉపాయం పారదు. 2000 మార్చి 31 నుంచి అమల్లో ఉన్న అద్దె నియంత్రణ చట్టం, 1999, తన 55వ సెక్షన్‌లో ఒప్పందం ఎన్ని నెలలదైనా రాతలో ఉండాలనీ, రిజిస్టరు కావాలనీ అంటుంది. ఆ బాధ్యత యజమానిదే. చేయించకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అసలు నష్టం జరిమానా కూడా కాదు. రిజిస్టరు కాని ఒప్పందం మీద తగాదా వస్తే, షరతులు ఫలానా అని అద్దెదారు చెప్పిందే, తప్పని రుజువయ్యే దాకా, చెల్లుతుంది. వేరే రాష్ట్రంలో కూర్చున్న యజమాని ఆ రుజువులు ఎక్కడినుంచి తెస్తాడు?

పోనీ, ఖర్చు భరించలేనిదా అంటే అదీ కాదు. నెలకు 8,000 అద్దె, 30,000 డిపాజిట్ అనుకుంటే, పదకొండు నెలల అద్దెకు డిపాజిట్ మీద ఏటా 10 శాతం చొప్పున కట్టిన వడ్డీ కలిపి, అందులో 0.25 శాతం స్టాంపు సుంకం. అది మూడు వందలు దాటదు. రిజిస్ట్రేషన్ ఫీజు పట్టణంలో 1,000, పల్లెలో 500. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లకుండానే ఆధార్ వేలిముద్రలతో ఆన్‌లైన్‌లో పూర్తిచేసుకునే వీలూ ఉంది. అక్కడ ఇళ్లకు ఎక్కువగా రాసేది, గడువు దాకా ఉండే అనుమతి మాత్రమే ఇచ్చే ‘లీవ్ అండ్ లైసెన్స్’ ఒప్పందం. గడువు తీరాక కూడా కదలని మనిషి నుంచి అద్దెకు రెండింతలు నష్టపరిహారం అడిగే హక్కును 24వ సెక్షన్ యజమానికి ఇచ్చింది. స్టాంపు కాగితం నమ్ముకున్నవారికి దాన్ని సాధించడం కష్టం.

ఇలాంటి ఇళ్లు తెలుగువారికి అంతగా ఎందుకున్నాయో ఆ నేల చరిత్రే చెబుతుంది. ఇప్పటి చంద్రపూర్ జిల్లాలోని రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో నాందేడ్‌కు, 1959లో చంద్రపూర్‌కు మారింది. కాజీపేట నుంచి బల్లార్షా మీదుగా వెళ్లే రైలు దారి వెంట బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, ఇప్పుడు 2,920 మెగావాట్లకు చేరిన థర్మల్ కేంద్రం తెలుగు కార్మికులను పిలిచాయి. ఉద్యోగం ఉన్నంతకాలం కంపెనీ క్వార్టరు, విరమణ తర్వాత అది ఖాళీ చేయాలి. అందుకని ముందుచూపున్నవాళ్లు ఊళ్లో జాగా కొని రెండు గదులు వేసుకున్నారు. పిల్లలు హైదరాబాద్‌కో, డాలస్‌కో వెళ్లారు. వారి వెనకే పెద్దవాళ్లూ కదిలారు. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. చంద్రపూర్ మహాకాళి జాతరకు వచ్చినప్పుడు చూసిపోవడమే చాలామంది చేసే తనిఖీ.

తండ్రి పోయినా రికార్డులో ఆయన పేరే నడుస్తున్న ఇళ్లు ఎన్నో. వారసుల పేర్ల మీద ఫేర్‌ఫార్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోవడం, సిటీ సర్వే రికార్డులోనూ మునిసిపల్ పన్ను పుస్తకంలోనూ అవి ఎక్కాయో లేదో చూసుకోవడం మొదటి పని. స్థానికుడికి అధికారం ఇవ్వాల్సి వస్తే ఇల్లు అద్దెకివ్వడానికీ, అద్దె వసూలుకూ, మరమ్మతులకూ మాత్రమే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు. అమ్మే అధికారం అందులో ఒక్క మాటగానైనా ఉండకూడదు, ఎంత దగ్గరి బంధువైనా సరే.

ఇక ఇల్లు. దేశంలో ఎండలు మండే ఊళ్లలో చంద్రపూర్ ముందు వరుసలో ఉంటుంది. మే నెలలో 46 డిగ్రీలు అక్కడ వింత కాదు. స్లాబు పగలు వ్యాకోచించి రాత్రి కుంచించుకుంటుంది, పిట్టగోడ కలిసేచోట సన్నని బీట పడుతుంది, జూన్‌లో మొదటి వాన ఆ బీటలోంచి గదిలోకి దిగుతుంది. బీటలు పూడ్చి, డాబాకు తెల్లగా సున్నం కొట్టడం మే ముగిసేలోగా కావాలి. బొగ్గు ధూళి, బూడిద, ఆకులు కలిసి వాన గొట్టాలను మూసేస్తాయి. గొట్టం మూసుకుంటే నీళ్లు డాబా మీద నిలుస్తాయి. గొట్టం శుభ్రం చేయించడానికయ్యే కూలికీ, నానిన స్లాబుకయ్యే ఖర్చుకూ పొంతనే లేదు.

నేల నల్లరేగడి అయితే మరో బాధ. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బి, పునాదిని ఏటా కదిలిస్తుంది. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున, వాలు బయటికి ఉండేలా సిమెంటు గచ్చు వేయిస్తే నీరు పునాది దగ్గర ఇంకదు. గోడ పక్క కుళాయి కారుతుంటే ఆ మూలే ముందు కుంగుతుంది.

చంద్రపూర్ ఉన్న విదర్భ ప్రాంతపు ఇళ్లకు ప్రత్యేకమైన సమస్య కూలరు. హోలీ నుంచి వానల దాకా ప్రతి కిటికీకీ ఒకటి వేలాడుతుంది. దాని నీళ్లకు గోడ నాని, ఉప్పు పూసి, ప్లాస్టర్ రాలుతుంది. తడి ఇనుము, నీళ్లలో మోటారు ఉన్నచోట ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రాణానికే ముప్పు. కూలరు ఏ కిటికీకి పెట్టాలో ఒప్పందంలోనే రాయాలి. స్టాండును గోడకు ఆనకుండా యజమానే వేయించాలి. మీటరు దగ్గర కరెంటు లీకైన క్షణంలో సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాలి. అద్దెకు ఇల్లిచ్చేవాడికి ఇది ఐచ్ఛికం కాదు.

డబ్బు లెక్కలు తేలిక. మహావితరణ్ కరెంటు బిల్లు కన్స్యూమర్ నంబరుతో ఎక్కడున్నా చూసుకోవచ్చు, బకాయి పేరుకోకముందే తెలుస్తుంది. ఇంటి పన్ను యజమాని ఆ ఏడాది నిజంగా కట్టి ఉంటేనే ఆదాయపు పన్ను లెక్కలో తీసివేతకు వస్తుంది. మిగిలిన దానిలో మరమ్మతుల కింద 30 శాతం, రసీదులున్నా లేకున్నా, మినహాయింపు. యజమాని విదేశంలో స్థిరపడినవాడైతే అద్దెలో 30 శాతం, దానిపై సెస్, అద్దెదారే కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఇది తెలియక చిక్కుల్లో పడేది పాపం అద్దెదారు.

బీట, గొట్టం, కూలరు, కుళాయి: వీటిని రోజూ చూసే మనిషి అద్దెదారు ఒక్కడే. ఏడాదికొకసారి దిగే యజమానికీ, కమిషన్ మీద బతికే బ్రోకరుకూ అవి కనబడవు. యజమాని మరమ్మతు చేయించకపోతే పదిహేను రోజుల నోటీసిచ్చి తానే చేయించుకుని, ఏడాది అద్దెలో నాలుగో వంతు మించకుండా కోసుకునే హక్కు అద్దె చట్టం అద్దెదారుకు ఇచ్చింది. దూరపు యజమానికి అది శిక్ష కాదు, కావలసిన ఏర్పాటే. లైసెన్స్ ఒప్పందంలోనూ ఒక మొత్తం దాకా ఫొటో, రసీదు పంపి ఖర్చు చేయొచ్చని రాసుకోవాలి.

కానీ పదకొండు నెలల్లో పోవలసినవాడు గొట్టం ఎందుకు చూస్తాడు? అందుకే రిజిస్టరు చేయించినా సరే, దూరపు ఇంటికి పదకొండు నెలల గడువే తప్పు. లైసెన్స్ ఒప్పందం 60 నెలల దాకా అదే 0.25 శాతం సుంకంతో రాసుకోవచ్చు. ఎక్కువ కాలం ఉంటే ఇల్లు కాజేస్తారన్న భయం వల్లే చాలామంది వెనకాడతారు. యజమాని అనుమతితో, రాత ఒప్పందంతో ఉన్నవాడికి ఏళ్లు గడిచినంత మాత్రాన హక్కు రాదు. గడువు తీరిన ఒప్పందాన్ని పునరుద్ధరించకుండా ఏళ్ల తరబడి వదిలేయడమే చేటు. థర్మల్ కేంద్రంలోనో బ్యాంకులోనో పనిచేసే కుటుంబానికి, బజారు ధర కన్నా కొంచెం తగ్గించి, ఏటా ఎంత పెరుగుతుందో ముందే రాసి, ముప్ఫయ్యయిదు నెలలకు ఇవ్వడం మేలు. ఇరువైపులా రెండు నెలల నోటీసు, గడువు ఏప్రిల్ ఆఖరుకు తీరేలా తేదీ. అప్పటికి పిల్లల పరీక్షలు అయిపోతాయి, కుటుంబం మారాలంటే మారుతుంది. ఖాళీ అయిన ఇంటి డాబాకు మే నెలంతా పని చేయించుకోవచ్చు, కొత్తవారు జూన్‌లో దిగుతారు.